గోదాం అర్రల పిలుపు

"కళావతీ!... ఓ కళావతీ! లెవ్వు... ఆ కుర్సీల కెల్లి లెవ్వుమంటాన!"

పిలిచినవాడు మేనేజరు వెంకట్రాజం. పిలిచింది మాత్రం గడప అవతల నిలబడి. పొద్దంతా ఛాతీ విరుచుకుని, ఆ మిషన్లన్నీ తన తాత చేసిపెట్టి పోయినట్టు తిరిగే మనిషి — కరెంటు పోయి వచ్చిందో లేదో, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి అటెండరు చెప్పు తొడుక్కుని వాకిట్లోకి ఉరికాడు.

కళావతి లేవలేదు.

ఆమె ముందున్న కంప్యూటరు తెర మీద ఒకటే వాక్యం నిలబడి ఉంది. దాని కింద అదే వాక్యం. ఆగి... ఆగి... దాని కింద మళ్లీ అదే.

గోదాం పలుకుతలేదు — ఇంకా పిలుస్తాన.

తెర మీద అది ఇంగ్లీషులోనే ఉంటుంది. నాట్ రెస్పాండింగ్ అని, స్టిల్ ట్రైయింగ్ అని. కానీ కళావతికి అది ఎప్పుడూ మన మాటలోనే వినబడేది. వానలో తడుస్తూ ఎవరో ఆడమనిషి, మూసిన తలుపు మీద చెంప ఆనించి అంటున్నట్టుగా...

"ఇవుతలికి రా బిడ్డా," అని వెంకట్రాజం వీపు వెనక నుంచి అటెండరు రాయమల్లు గొంతు వణికింది. "ఆమె అచ్చే యాళ్ల అయింది."

ఆమె అంటే సమ్మమ్మ.

హన్మకొండ నుంచి వరంగల్ పోయే తొవ్వలో, పెద్ద రోడ్డు మీది నుంచి కొంచెం లోపలికి ఉండేదట ఆ పాత పత్తి గోదాం. పొద్దుగూకాక దాని ముందు నుంచి సైకిలు మీద పోయేవాళ్లు గంట కొట్టేవాళ్లు కాదు. దగ్గొచ్చినా ఆపుకునేవాళ్లు. జంటగా పోతే ఒకరి పేరు ఒకరు పెట్టి పిలుచుకునేవాళ్లు కాదు — లోపల ఉన్నదానికి పేరు తెలిస్తే పిలుస్తుందని.

ఎప్పుడో షావుకార్ల కాలంలో, పత్తి ఏరే కూలి సమ్మమ్మ, జ్వరంతో చివరి అర్రలో పత్తి కుప్ప మీద ఒరిగి నిద్రపోయిందట. చూసుకోకుండా తాళం వేసి పోయారు. రాత్రి ఆమెకు మెలకువ వచ్చింది. తలుపు కొట్టింది. వాడకట్టులో తనతో పనిచేసే ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచింది. ఒకరిని ఒకసారి... పలకకపోతే ఇంకొకరిని. అందరూ విన్నారు. అందరూ దుప్పట్లు ముసుగేసుకున్నారు. ఎందుకంటే రాత్రి పూట బయటి నుంచి ఒక్కసారి పిలిస్తే అది దయ్యం — పలకొద్దు. మనిషైతే మళ్లీ పిలుస్తాడు. దయ్యం ఒకరిని ఒక్కసారే పిలుస్తుంది. ఇది మన దగ్గర చిన్న పిల్లకు కూడా తెలుసు.

తెల్లారి తాళం తీస్తే సమ్మమ్మ తలుపుకు ఆనుకుని ఉంది. చల్లగా ఉంది.

బతికున్న మనిషిని దయ్యమనుకుని చంపుకున్నారు. చచ్చాక నిజంగానే దయ్యమైందని చెప్పుకున్నారు. అంత గొప్ప ధైర్యవంతులు!

ఆ గోదాం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండి, ఎనభై తొమ్మిది వానకాలానికి ఒక నక్షల ఆఫీసు అయింది. జిల్లాలోని చెరువులు, కాలువలు, తూములు అన్నీ కంప్యూటర్లలో గీసి పెట్టే పని. హైదరాబాదు నుంచి మిషన్లు దిగాయి. మామూలు కంప్యూటర్లు కావు. యూనిక్స్ అనే పద్ధతి మీద నడిచేవి. ఇంత లావు తెరలు. హాల్లో మూడు పెట్టారు. వాటికన్నిటికీ తల్లి లాంటి పెద్ద మిషను ఒకటి ఉంటే, దాన్ని మాత్రం మందం గోడలు, చల్లని నేల ఉన్న చోటే పెట్టాలన్నారు. అట్లాంటి అర్ర ఆ గోదాంలో ఒక్కటే ఉంది. సమ్మమ్మ అర్ర.

మిషన్లకు పేర్లు పెట్టాలి. లేకుంటే అవి ఒకదాన్నొకటి పిలుచుకోలేవు. పెద్దదానికి గోదాం అని పెట్టారు. హాల్లో ఉన్నవాటికి ఎవరు కూర్చుంటే వాళ్ల పేరే. ఒకటి కిషన్, ఒకటి కళావతి. మూడోది వెంకట్రాజం — దాని మీద మేనేజరు తువ్వాల ఆరేసుకునేవాడు. అంతకు మించి దానికి ఆయనా, ఆయనకు అదీ చేసిందేమీ లేదు.

ఆ మిషన్ల మర్మం కొంచెం చెప్పాలి. గీసిన నక్షలు దాచేది గోదాం కడుపులో. హాల్లో మిషన్లు తీగ మీదుగా ఆ కడుపును తెచ్చి తమ కడుపుకు కట్టుకుంటాయి. దాన్ని మౌంటు అంటారు. కట్టు బాగున్నంతసేపు, ఎక్కడో అర్రలో ఉన్న నక్ష ఇక్కడే చేతి కింద ఉన్నట్టు ఉంటుంది. కానీ గోదాం పలకడం మానేసిందా... అడిగిన మిషను అడిగినచోటే బిగుసుకుపోతుంది. ముందుకు పోదు. వెనక్కు రాదు. ఆ పనిని చంపుదామని హుకుం ఇచ్చినా చావదు. బతికిందీ కాదు, చచ్చిందీ కాదు. పిలుస్తూ ఉంటుంది... అంతే.

ఇట్లాంటి దాన్ని చూసి మన రాయమల్లు "గాలి సోకింది" అనకపోతే ఇంకేమంటాడు!

రెండు నెలల నుంచి ఇదే తంతు. పొద్దుగూకే యాళ్లకు కరెంటు పోవడం, రావడం, మూడు తెరలూ బిగుసుకోవడం. అందరూ పొద్దుండగానే ఇండ్లకు పోతారు కాబట్టి, ఆ యాళ్లకు కుర్చీలో ఉండేది కళావతి ఒక్కతే. చెరువు కట్ట వంపు తన కంటికి నచ్చేదాకా ఆమె లేచేది కాదు. నచ్చని నక్షను గోదాంలో వేసేది కాదు, తన మిషనులోనే దాచుకునేది. పిల్లను తయారు చేయకుండా నలుగురిలోకి పంపని తల్లిలాగా.

అందుకని మొగవాళ్లు కూర్చుని ఆలోచించారు. ఆలోచించి, తేల్చారు. గాలి సోకింది మిషన్లకు కాదు — కళావతికి. సమ్మమ్మకు తోడు కావాలట. ఈమెను పట్టిందట.

తెర నెత్తిన నిమ్మకాయ కట్టారు. మిరపకాయలు కట్టారు. గుమ్మడికాయ దిష్టి తీసి, ఆ ముక్కలు జారి తీగల మీద పడితే, తుడవమని మళ్లీ కళావతికే చెప్పారు. తుడుస్తూ ఆమె నవ్వింది. ఆ నవ్వును చూసి, "సూశిన్రా, ఆమె నవ్వుతాంది" అని గుసగుసలాడుకున్నారు.

ఇవ్వాళ మాత్రం నవ్వులాట కాదు.

"రేపు పొద్దుగాల పట్నం కెల్లి పెద్ద సార్లు అస్తాన్లు," అన్నాడు వెంకట్రాజం, గడప మీది నుంచే. "నక్షలు సూపియ్యాలె. మిషన్లు గిట్ల బొమ్మల తీరు నిలవడితే నేనేం మొఖం పెట్టుకోవాలె? రేపటి సంది నువ్వు రాకు. నీతోని అచ్చిన గాలి నీతోనే పోతది."

"నాతోని అచ్చిందా?"

"మరి నువ్వు లేనప్పుడు ఎందుకైతలేదు?"

"నేను లేనప్పుడు మీరు కూడ ఉంటలేరు సార్. ఇయ్యాళ తప్ప, కరెంటు పోయేదాక ఎన్నడన్న ఉన్నరా?"

వెంకట్రాజం ఆ మాట విననట్టు నటించాడు. అది ఆయనకు బాగా వచ్చిన విద్య.

"పెద్ద సార్లకు రాసి పెడుత. పిల్లకు గాలి సోకింది, పనికి రాదని."

కళావతికి పోయేది పని ఒక్కటే కాదు. ఆమెది కాజీపేట. రైల్వే క్వార్టర్లలో ఒక ఇంట్లో చారు పొంగితే నాలుగు ఇండ్ల అవతల తెలుస్తుంది. గాలి సోకిన పిల్ల అని ఒక్కసారి కాయితం మీద పడిందా — ఇక జీవితమంతా ఆమె నవ్వినా దయ్యమే, ఏడ్చినా దయ్యమే. నక్ష ముట్టనిచ్చేవాడు ఉండడు. ఆమెకు నక్షలు గీయడమంటే ఎంత ఇష్టమంటే... కళ్లు మూసుకుంటే ఊరి పేర్లు కాదు, నీళ్లు కనబడేవి. మలుపు తిరిగే నీళ్లు.

"కిషన్ రావు సార్ ఉంటే అయిపోవు," అని రాయమల్లు నిట్టూర్చాడు. "ఒక్కడే లోపటికి పోయి ఆమెను మందలిచ్చి అస్తుండె."

కిషన్ రావు.

ఆ పేరు వింటే కళావతి చెవులు వేడెక్కేవి. దాచేదేముంది. ఆ ఆఫీసులో ఆమె చీదరించుకోని మొగవాడు అతనొక్కడే. హైదరాబాదులో ట్రైనింగు చేసి వచ్చాడు. మిషన్లు బిగుసుకున్నప్పుడల్లా అతనికి కబురు పంపేవాళ్లు. వచ్చేవాడు. టార్చి లైటు పట్టుకుని, ఎవరినీ వెంట రానీయకుండా, ఆ చీకటి వరండా వెంట సమ్మమ్మ అర్రలోకి ఒక్కడే నడిచేవాడు. తలుపు మూసుకునేది. కాసేపటికి హాల్లో తెరలన్నీ కదిలేవి — గోదాం పలికింది, అంతా బాగుంది, అని. అతను నుదుటి మీద చెమటతో బయటికి వచ్చేవాడు. ఏమైందని అడిగితే, దూరంగా చూసి, "అడగకున్రి" అనేవాడు. ఒక్కొక్కసారి మాత్రం "ఎవరో కూసున్నట్టు కొట్టింది" అనేవాడు, మెల్లగా.

రాత్రి పూట, ఇంట్లో అందరూ పడుకున్నాక, కళావతి ఆ నడకను తలుచుకునేది. టార్చి వెలుగు ముందు... వెనక అతని నీడ...

ఇవ్వాళ అతను కాజీపేట స్టేషనుకు పోయాడు, ఈ రాత్రికే బండి దిగాల్సిన పెద్ద సార్లను తీసుకురావడానికి.

"నేను పోతాన లోపటికి," అంది కళావతి.



"నీకేమన్న సోయి ఉన్నదా?" అన్నాడు వెంకట్రాజం. ఆపలేదు మాత్రం. ఆపాలంటే గడప దాటి లోపలికి రావాలి కదా.

రాయమల్లు తాళపుచెవిని నేల మీద జార్చి ఆమె కాళ్ల దగ్గరికి పంపించాడు. "బిడ్డా... పేరు పెట్టి పిలుస్తది. పలుకకు. ఏం జేసినా పలుకకు."

వరండాలో బల్బు లేదు. ఉండేదట, ఎవరూ మార్చడానికి పోలేదు. వాన చూరు మీది నుంచి ఒకటే ధార కడుతోంది. గోడ మీద చేయి పెట్టి నడిచింది. గోడ తడి... చేతికి ఏదో మెత్తగా తగిలింది. లాక్కుంది. పత్తి. ఇన్నేళ్లయినా ఆ గోడల సందుల్లో పత్తి పింజలు ఉన్నాయి. తడిసి, పాచి పట్టి... ఆడవాళ్ల కొప్పులో జారిన వెంట్రుకల్లా.

తాళం తీసింది. తలుపు లోపలికి పోలేదు. అవతల ఎవరో ఆనుకుని ఉన్నట్టు... భుజంతో నెట్టింది. వాన చెమ్మకు ఉబ్బిన చెక్క, కిర్రుమని, పోయింది.

లోపల చల్లటి గాలి మొహాన కొట్టింది. ఎవరో గట్టిగా ఊపిరి వదులుతున్న చప్పుడు... అది పెద్ద మిషను ఫ్యాను. తెలుసు. తెలిసినా కాళ్లు నమ్మలేదు.

మూల నుంచి పచ్చని వెలుగు. చిన్న తెర. ఆ తెరను కిషన్ రావు తప్ప మనిషన్నవాడు చూసి రెండు నెలలైంది.

దగ్గరికి పోయింది. వంగింది. చదివింది.

కళావతి పలుకుతలేదు — ఇంకా పిలుస్తాన.

ఆమె ఒళ్లంతా ఒక్కసారి ముళ్లు లేచాయి.

తన పేరు. ఆ అర్రలో. ఎవరూ లేని అర్రలో... తన పేరు. ఇన్ని రోజుల నుంచి, తాను హాల్లో ఆ కుర్చీలో కూర్చుని వంపులు దిద్దుకుంటుంటే, ఈ గోడ అవతల చీకట్లో తన పేరు పెట్టి...

నోరు తెరుచుకుంది. "ఊ" అనబోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

తెర మీద కొత్త వరుస పడింది.

కళావతి పలుకుతలేదు — ఇంకా పిలుస్తాన.

తలుపు ఎటుందో మరిచిపోయింది. వెనక్కు జరిగి గోడకు కొట్టుకుంది. గోడలో పత్తి మెడకు తగిలింది. అరుపు గొంతు దాకా వచ్చింది...

మళ్లీ ఒక వరుస.

కళావతి పలుకుతలేదు — ఇంకా పిలుస్తాన.

అప్పుడు, చెప్తే నమ్మరు — ఆమెకు కోపం వచ్చింది.

మూడోసారి పిలుస్తోంది. దయ్యం మూడుసార్లు పిలవదు. సమ్మమ్మ తన తోటివాళ్లను కూడా ఒక్కొక్కసారే పిలిచింది, పాపం, అందుకే చచ్చింది. ఇట్లా సిగ్గు లేకుండా, విసుగు లేకుండా, పిలిచిందే పిలిచేది దయ్యం కాదు. మనిషి. లేదంటే మనిషి చేసి పెట్టిన పని.

కుర్చీ లాక్కుని ఆ తెర ముందు కూర్చుంది.

తన మిషను హాల్లో ఏమంటోంది? గోదాం పలికితే గానీ నేను లేవనంటోంది. గోదాం ఇక్కడ ఏమంటోంది? కళావతి పలికితే గానీ నేను లేవనంటోంది. కరెంటు పోయి రాగానే రెండూ ఒక్కసారే కళ్లు తెరుస్తాయి. ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. అలిగిన వియ్యంకుల తీరు — వాళ్లు పిలిస్తే మేము పోతామని వీళ్లు, వీళ్లు వస్తే మేము పిలుస్తామని వాళ్లు. మధ్యలో పెండ్లి ఆగింది. వెంకట్రాజం మిషను పాపం ఊరికే వాకిట్లో నిలబడ్డ చుట్టం.

ఇంతేనా! ఈ మాత్రం దానికా నిమ్మకాయలు!

కానీ గోదాంకు తన మిషనుతో ఏం పని? కళావతి గోదాంను కట్టుకోవాలి. అది పద్ధతి. గోదాం తిరిగి కళావతిని కట్టుకోవాల్సిన అవసరమేముంది? ఎవరు కట్టారు?

మిషనును ఎవరితోనూ సంబంధం లేకుండా ఒంటరిగా లేపే తీరు ఒకటుంది. అది ఆమెకు నేర్పింది కిషన్ రావే, ఒక పగటి పూట, తన గొప్ప చూపించుకోవడానికి, ఆమె భుజం మీదుగా వంగి. ఆ వంగడం ఆమె చాలా రోజులు మరిచిపోలేదు. అట్లా గోదాంను ఆపి, ఒంటరిగా లేపింది. ఏ కడుపును ఎక్కడ కట్టుకోవాలో మిషను తనకు తాను చెప్పుకునే చోటు తెరిచింది.

ఉంది. కళావతి మిషను అంతా, తలుపులు బార్లా తెరిచి, గోదాంలో ఒక చోట కట్టి ఉంది.

ఎక్కడంటే — కిషన్ రావు సొంత చోటులో. ఇంకెవరికీ చూడ వీలులేని చోట.

ముందు ఆమె మనసు చేసిన పని చూడండి. సిగ్గుపడింది! తన మిషనును తెచ్చి తన దగ్గర కట్టుకున్నాడా... ఎందుకు... తాను ఉందో లేదో చూసుకోవడానికా... బుగ్గలు వేడెక్కాయి. ఆ చలి అర్రలో, సమ్మమ్మ చచ్చిన అర్రలో, ఒక్క క్షణం ఆమె పెండ్లికూతురైంది.

ఆ క్షణంలోనే ఇంకొకటి గుర్తొచ్చింది.

పాలకుర్తి దిక్కు ఒక చెరువు నక్ష. పోయిన నెల హైదరాబాదులో అందరూ మెచ్చుకున్నారట. కిషన్ రావు గీసింది. నిండిన నీళ్లు పొర్లిపోయే దాని అలుగు వంపు చూసి కళావతి ఆశ్చర్యపోయింది, అచ్చం తాను గీస్తున్న తీరే! తన నక్ష ఇంకా తన మిషనులోనే ఉంది, నచ్చక, ఎవరికీ చూపించలేదు. అప్పుడు ఆమె ఏమనుకుందో తెలుసా? ఇద్దరి చేతులూ ఒకటే గీత గీస్తున్నాయనుకుంది. ఇద్దరి మనసులూ ఒకటే నీళ్లను చూస్తున్నాయనుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

థూ, అనుకుంది. అతన్ని కాదు ముందు, తనను.

ఆ కట్టు విప్పేసింది. గోదాంను మామూలుగా లేపింది. మిషను గట్టిగా ఊపిరి తీసుకుని, ఈసారి ఎవరినీ పిలవలేదు. వరండా అవతల హాల్లో నుంచి వెంకట్రాజం కేక వినబడింది — "పలికింది! గోదాం పలికింది!"

ఆమె హాల్లోకి వచ్చేసరికి వెంకట్రాజం తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాలు మీద కాలు. గడప ఆయనను ఎప్పుడు వదిలిందో! రాయమల్లు ఆమె పాదాల దిక్కు చూస్తున్నాడు, వెనక్కు తిరిగి ఉన్నాయేమోనని.

"కాకా, సరిగనే ఉన్నయి," అంది కళావతి.

బయట స్కూటరు ఆగింది. కిషన్ రావు తడిసి లోపలికి వచ్చాడు. "బండి లేటు. పెద్ద సార్లు తెల్లారే అస్తరట..." అంటూ తెరలు చూసి ఆగిపోయాడు. "ఎవరు లేపిన్లు?"

"కళావతమ్మనే సారూ," అన్నాడు రాయమల్లు. "ఒక్కతే పోయింది లోపటికి."

కిషన్ రావు మొహంలో నెత్తురు దిగిపోయింది. టార్చి ఇంకా చేతిలోనే ఉంది. వెలుగుతూనే ఉంది, అంత వెలుతురులో.

"లోపట నా పేరు పిలుస్తాంది, కిషన్ రావు గారూ," అంది కళావతి, నెమ్మదిగా. "గోదాం నా మిషనును పిలుస్తాంది. ఎందుకు పిలుస్తాంది?"

అతను వెంకట్రాజం దిక్కు చూశాడు. తలుపు దిక్కు చూశాడు. అప్పుడు చెప్పాడు:

"నేను ముందే అన్న గద సార్. సమ్మమ్మ ఈమె పేరు పట్టింది. మంచిది కాదు. ఈమెను... ఈమెను పంపిచ్చుడే మంచిది."

కళావతి అతన్ని కాసేపు చూసింది. చెప్పు కింద పడి నలిగినదాన్ని, ఏమిటా అని వంగి చూసినట్టు. ఇన్ని రాత్రులు తాను తలుచుకున్న నీడ ఇదా! టార్చి లైటు పట్టుకుని, తానే కట్టిన కట్టును తానే విప్పి, మళ్లీ తానే కట్టి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చే ఈ... ఈ పాటి మనిషా! సమ్మమ్మ నయం. పిలిచింది, ఎవరూ పలకలేదు, చచ్చింది. ఒకరి మీద నెపం పెట్టలేదు.

"సరే," అంది. "పోత. పోయే ముందు ఒక్క పని. సార్, మీరు కూడ జర ఇటు రాన్రి."

వెంకట్రాజం వచ్చాడు. ఇప్పుడు దయ్యం లేదు కాబట్టి చాలా చురుకుగా వచ్చాడు.

కళావతి తన కుర్చీని వెనక్కు లాగింది. తెర మీద సగం గీసిన చెరువు. కట్ట ఉంది, తూము ఉంది, అలుగు ఇంకా పడలేదు. పక్కన పెద్ద బల్ల మీద సర్వే కాయితం పరిచి ఉంది. దాని మీద, అడ్డగీత నిలువుగీత ఉన్న చిన్న అద్దపు పనిముట్టు. గీత వెంట దాన్ని నడిపిస్తే మిషనులో నక్ష పడుతుంది.

"రేపు అచ్చేటోళ్లు మీ చేతి గీత సూడాలని అస్తాన్లు గద, కిషన్ రావు గారూ. పాలకుర్తి దిక్కు అలుగు గీసిన చెయ్యి. ఈ అలుగు కూడ జర గీయున్రి. చిన్నదే. మా కాక కూడ సూస్తడు."

"ఇప్పుడా? నేను తడిసి ఉన్న..."

"తువ్వాల ఉన్నది," అంది కళావతి. వెంకట్రాజం మిషను మీద నుంచి తీసి ఇచ్చింది.

అతను కూర్చున్నాడు. ఆ అద్దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న తీరు చూసే రాయమల్లు కనుబొమ్మలు ముడిపడ్డాయి — రెండు నెలల నుంచి కళావతమ్మకు చాయ్ తెచ్చి పెడుతూ ఆమె వేళ్లను చూసినవాడు. కిషన్ రావు దాన్ని నెట్టాడు. తెర మీద గీత పుట్టింది... వంకరపోయింది... కట్టను దాటి నీళ్లలో పడింది. తుడిచాడు. మళ్లీ నెట్టాడు. ఈసారి అలుగు చెరువు వెనక్కు పోయింది, గుట్ట మీదికి.

"నీళ్లు గుట్ట ఎక్కుతానయి, కిషన్ రావు," అన్నాడు వెంకట్రాజం. మొదటిసారి ఆయన గొంతులో మేనేజరు పలికాడు.

వాన చప్పుడు... టార్చి బల్ల మీద పడి వెలుగుతూనే ఉంది.

"చేతులు చల్లబడ్డయి," అన్నాడు కిషన్ రావు.

కళావతి పలకలేదు.

"ఇయ్యాళ మనసు బాగలేదు."

పలకలేదు. ఆమె కళ్లలో కోపం కూడా లేదు. ఉంటే అతనికి కాస్త ఆసరా దొరికేదేమో. కోపగించుకోవడానికి కూడా అవతల ఒక మనిషి ఉండాలి.

అతను అద్దాన్ని కింద పెట్టాడు. తల వంచుకున్నాడు. మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు.

"నేనే కట్టిన, నీ మిషనును. నువ్వు ఇంటికి పోయినంక నీ నక్షలు తీసుకొని నా పేరు ఏసుకున్న. కరెంటు పోతే రెండు మిషన్లు గిట్ల బిగుసుకుంటయని నాకు ముందుగాల తెల్వది... తెలిసినంక కూడ విప్పలే. విప్పితే నక్షలు దొరకయి. ఆ అర్రల ఎవ్వలు లేరు సార్. నేను ఎన్నడు ఎవ్వలను సూడలే. మీరందరు భయపడుతాంటే... మంచిగనిపిచ్చింది."

"గీయొచ్చు గదా సారూ, సొంతంగ," అన్నాడు రాయమల్లు, నిజంగానే అర్థంకాక.

కిషన్ రావు తల ఎత్తాడు. కళావతిని చూడలేక, తెర మీద గుట్టెక్కిన నీళ్లను చూస్తూ అన్నాడు:

"నాకు రాదు కాకా. నక్ష గీయుడు... నాకు ఎన్నడు రాలే."